మోత లేని మూడు రోజులు

ఆ ఆదివారం సాయంత్రంలోగా మేం చేయాల్సిన పనులు ఇవి.

వీధిలో ఉన్న ఇరవై మూడు కొట్లకీ తలుపులు వేయించాలి.

కొలిముల్లో బూడిద ఎత్తేసి, పొగగొట్టాల మూతులకు గోనెపట్టాలు కట్టాలి.

అరుగుల మీదున్న రాగిరేకుల చుట్టలు, సగం కొట్టి వదిలేసిన పాత్రలు లోపలికి చేర్చాలి.

బొగ్గు తెచ్చే బండివాడికి గురువారం దాకా రావద్దని చెప్పాలి.

పిల్లల్ని మేనమామల ఇళ్ళకో, పిన్నమ్మల ఇళ్ళకో పంపించెయ్యాలి.

మా పెదనాన్న చేత సుత్తి కింద పెట్టించాలి.

మొదటి అయిదూ, మా కొట్టొక్కటి మినహా, మధ్యాహ్నం భోజనాలవేళకే అయిపోయాయి. వీధి వీధంతా కలిసి చేశారు. ఆరో పని మాత్రం మా ఇంటివాళ్ళే చేసుకోవాల్సి వచ్చింది.

ఆ జాబితా రాసింది నేను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని. ఆ వేసవిలో నగరపాలక కార్యాలయంలో ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం దొరికింది, సర్వే పని. నాలుగు వేల మందికి పని ఇచ్చే ఒక పెద్ద కంపెనీ మూడు నగరాలను చూస్తోందనీ, అందులో మాది ఒకటనీ అప్పటికే అందరి నోళ్ళలోనూ నానుతోంది. ఆ కంపెనీకి చూపించడానికి నగరంలోని ప్రతి వీధికీ మార్కులు వెయ్యాలి. చెట్లెన్ని, కాలిబాట ఎంత వెడల్పు, ఆస్పత్రికి ఎన్ని నిమిషాల నడక, బస్సు ఎంతసేపటికి ఒకటి వస్తుంది, చప్పుడెంత.

మొదటిరోజు సర్వే సారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "నగరం ఉండేవాళ్ళకీ నచ్చాలి, వ్యాపారం పెట్టేవాళ్ళకీ నచ్చాలి. ఇద్దరికీ నచ్చితే అది నగరం. లేకపోతే ఉత్త రద్దీ." నేను ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను. అలాంటి దాన్ని నేను.

నా వంతుకు చప్పుడు వచ్చింది. చేతికి ఒక మీటరు, ఒక కాగితం ఇచ్చారు. పగటిపూట చప్పుడు యాభై అయిదు లోపుంటే ఆకుపచ్చ గడిలో గుర్తు పెట్టాలి. డెబ్బై దాటితే ఎర్రగడిలో. అడుగున ఇంకో గడి ఉంది, 'వీధిలో జరుగుతూ కనిపించిన పనులు' అని. అంతే. ఆ కాగితం వెనక ఇంకో మూడు కాగితాలున్నాయనీ, అవి ఆఫీసు దాటి బయటికి రావనీ నాకు తెలియదు. అడగనూ లేదు. తాత్కాలికం వాళ్ళు ఇచ్చింది తీసుకుని "సరేనండి" అనాలి అనుకున్నాను.

నాకు అప్పగించిన వీధుల్లో మా వీధి ఉంది. మాది ఆ వీధేనని ఆఫీసులో నేనెవరితోనూ అనలేదు. ఎక్కడుంటావని అడిగితే బస్‌స్టాండు వెనకాల అని ఊరుకునేదాన్ని. మసిపట్టిన గోడలు, అరుగుల మీద ఉక్కలో కూర్చుని రేకులు కొట్టే మగాళ్ళు, చేతులకు చింతపండు రంగు మరకలతో పాత్రలు తోమే ఆడవాళ్ళు. ఇవన్నీ నాతోపాటు పనిచేసేవాళ్ళ కళ్ళపడటం నాకిష్టం లేకపోయింది.

ఓరోజు మీటరు ఇంటికి తెచ్చి మా అరుగు మీద పెట్టి చూశాను. ఎనభై ఎనిమిది. పెదనాన్న పక్కన పెడితే తొంభై ఒకటి.

"తొంభై అంటే ఫస్టుక్లాసే కదే?" అన్నాడు నాన్న, సంబరంగా.

"పరీక్ష కాదు నాన్నా. డెబ్బై దాటితే ఎరుపు."

"ఎరుపు పడితే ఏం చేస్తారు?"

"తీసేస్తారేమో."

నాకు తెలిసి అన్నది కాదు, భయపడి అన్నాను. నా నోట్లోంచి వచ్చిన ఆ 'ఏమో' వీధి చివరికి చేరేసరికి ఎక్కడో రాలిపోయింది. చీకటి పడకముందే జనమంతా మా అరుగు ముందు చేరారు. పక్కకొట్టులో పాత్రలకు మెరుగుపెట్టే ఆవిణ్ణి రేడియో అత్త అంటాం. ఇరవై మూడు కొట్ల సుత్తిదెబ్బలనూ దాటుకుని వినపడేది ఆవిడ గొంతొక్కటే.

"ఏమే మీటరమ్మా! నా నోటికి కూడా పెట్టి చూడవే. మీ డబ్బా పేలిపోకపోతే నన్నడుగు."

అందరూ నవ్వారు.

"మా నాన్న ఈ నగరానికి ఎందుకొచ్చాడో తెలుసా?" అన్నాడు నాన్న నెమ్మదిగా. "మా ఊళ్ళో పని లేక కాదు. అక్కడ రాగి కావాలంటే రెండ్రోజులు నడవాలి. ఇక్కడ ఎదురుకొట్లో రేకు దొరుకుతుంది, పక్కకొట్లో కళాయికి తగరం దొరుకుతుంది. చెయ్యి కాలితే మూడో ఇంట్లో మందు రాసేవాడున్నాడు. కొనేవాడు మూల తిరిగితే కనిపిస్తాడు. పట్నమంటే మాకు అదేనే. ఇక్కణ్ణించి లేపి ఎక్కడో పారేస్తే ఒక్కొక్కళ్ళం ఒక్కో దిక్కున పడతాం. రేకు ఒకచోట, తగరం ఒకచోట. ఇంకేం పని చేస్తాం?"

"సోమ, మంగళ, బుధ. కొలిచేది ఆ మూడు రోజులే," అన్నాను. ఎప్పుడు కొలుస్తామో వీధివాళ్ళకు చెప్పకూడదని మాకు గట్టిగా చెప్పారు. అయినా చెప్పాను. "ఆ మూడు రోజులూ చప్పుడు లేకపోతే ఆకుపచ్చ పడుతుంది."

రేడియో అత్త నా మొహంలోకి చూసింది. "చదువుకున్నదానివి నువ్వు. నువ్వెలా అంటే అలా."

వీధంతా అదే మాట అంది. మా పెదనాన్న ఒక్కడు తప్ప.

పెదనాన్న నాన్నకన్నా పన్నెండేళ్ళు పెద్ద. పెద్ద పెద్ద రాగిబానలు కొట్టడంలో ఆయన చెయ్యే చెయ్యి అని మా వీధి తల ఎత్తి చెప్పుకునేది. నలభై ఏళ్ళ సుత్తిదెబ్బలకు చెవులు పూర్తిగా పోయాయి. పెదాల కదలిక చూసి మాట పట్టేవాడు, తను మాత్రం పొలిమేర దాకా వినపడేట్టు మాట్లాడేవాడు. కుడిచేత్తో కొడుతూ ఎడమచెయ్యి లోహం మీద ఆనించి ఉంచేవాడు. రేకు ఎక్కడ పలచబడిందో, ఎక్కడ మందంగా ఉండిపోయిందో ఆ అరచేతికి తెలిసేది. ఒక్కటే దానికి అందేది కాదు. తయారైన పాత్రను వేలితో కొడితే కంగుమని మోగాలి. కంటికి కనపడని పగులుంటే మోత బొంగురుపోతుంది. అది వినడానికి చెవులే కావాలి. అందుకే మా సరుకంతా కొనే షావుకారు ప్రతి బానా వాకిట్లోనే కొట్టి విని, బాగుంటే పెదనాన్నకు కనపడేట్టు అరచెయ్యి పైకెత్తి చూపించేవాడు. పదిహేనేళ్ళుగా ఒక్కసారి కూడా ఆ చెయ్యి లేవకుండా ఉండలేదు. "నా చెవులు షావుకారు దగ్గర దాచుకున్నానే," అని నవ్వేవాడు పెదనాన్న.

ముందు ఆయనకు నిజమే చెప్పాను, ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడమరిచి.

"కొలవనీ," అన్నాడు. "పనిచేసేవాడు చప్పుడు చెయ్యక గుసగుసలాడతాడా?"

"మూడు రోజులే పెదనాన్నా."

"మూడు రోజులు దాచిపెట్టడానికి ఇదేమన్నా దొంగసొత్తా? వచ్చినవాళ్ళని నా దగ్గరికి పంపు. కూర్చోబెట్టి చూపిస్తాను."

నాన్న బతిమాలాడు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రేడియో అత్త వచ్చి చెడామడా తిట్టింది. తిడుతుంటే ఆవిడ పెదాలకేసి చూడకుండా పెదనాన్న కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

షావుకారు దగ్గరికి వెళ్దామన్న ఆలోచన నాది. ఇది మాత్రం ఎవరిమీదకూ నెట్టను. ఆయన మొదట ఒప్పుకోలేదు. "ఆ మనిషితో అలా ఎలా చెప్పనమ్మా?" అన్నాడు. వీధి ఉండదు, మీకు సరుకూ ఉండదు అన్నాను. ఆయన చాలాసేపు తలకాయ రుద్దుకున్నాడు. ఆదివారం సాయంత్రం, మిగతా కొట్లన్నీ తలుపులు వేసుకున్నాక వచ్చాడు.

పెదనాన్న కొత్త బానను అరుగు మీద నిలబెట్టి పక్కకు తప్పుకున్నాడు. షావుకారు వేలు మడిచి కొట్టాడు. బాన కంగుమంది. ఆ మోత తలుపులు మూసిన వీధంతా సాగి, చాలాసేపటికి గానీ అణగలేదు. నాన్న తల దించుకున్నాడు. షావుకారు రెండోచోట కొట్టాడు. మూడోచోట కొట్టాడు. చెయ్యి పైకెత్తలేదు. తల అడ్డంగా ఊపాడు.

పెదనాన్న నావైపు తిరిగాడు. "ఏమంటున్నాడు?"

"బొంగురుగా ఉందంటున్నారు," అన్నాను. పెదాలు బాగా కదిలించి అన్నాను, అందుకోవడంలో పొరపాటు పడకుండా. "పోయిన వారం తీసుకెళ్ళినవి కూడా అంతేనట."

పెదనాన్న బాన దగ్గర గొంతుక్కూర్చుని ఎడమ అరచెయ్యి దాని పొట్టకు ఆనించాడు. కుడిచేతి వేలితో తనే కొట్టాడు. మళ్ళీ కంగుమంది. కొట్టాడు, ఆగాడు, కొట్టాడు. గడపలో ఉన్న అమ్మతో కలిపి మేం నలుగురం చూస్తూ నిలబడ్డాం.

"నా చేతికి బాగానే తెలుస్తోందే," అన్నాడు. ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి. తరవాత అరచేతిని తిప్పి అటూ ఇటూ చూసుకున్నాడు. "చెవులు పోయినప్పుడు చెయ్యుందిలే అనుకున్నాను. ఇదీ పోయిందన్నమాట."

సుత్తి అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

"ఇది రాక్షసుల పని," అన్నాడు నాన్న. నన్నో, షావుకారునో, తనను తనో, ఎవరినన్నాడో ఇప్పటికీ తెలియదు. "గురువారం చెప్పేద్దాంలే నాన్నా," అన్నాను.

మూడు రోజులూ ఉదయం పదినుంచి అయిదు దాకా వీధి మొదట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను. నలభై ఎనిమిది. నలభై ఆరు. ఒక పిట్ట అరిస్తే యాభై. పుట్టి బుద్ధెరిగాక మా వీధిలో పిట్ట అరుపు వినడం అదే మొదటిసారి. మంగళవారం, ఎవరో కొత్తగా కాపురం పెట్టిన జంట అటుగా నడుస్తూ ఆగారు. "ఎంత ప్రశాంతంగా ఉందో చూడు," అన్నాడతను. ఇక్కడ ఇళ్ళేమన్నా అద్దెకున్నాయా అని ఆ అమ్మాయి నన్నడిగింది. నాకు గర్వంగా అనిపించింది. సిగ్గుపడుతూ తిరిగిన వీధిని ఎవరో మెచ్చుకుంటే ఒళ్ళు తేలికైనట్టయింది. బుధవారం సాయంత్రం ఆకుపచ్చ గడిలో గుర్తు పెట్టి, అడుగున గడిలో 'ఏమీ లేవు' అని రాసి సంతకం చేశాను.

ఆ మూడు రోజులూ పెదనాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి, తీసేసి, మళ్ళీ ఆనించేవాడట. అమ్మ చెప్పింది.

గురువారం పొద్దున్నే సర్వే సారు నన్ను పిలిచాడు. బల్ల మీద నా కాగితం, దాని పక్కన నేనెప్పుడూ చూడని మరో మూడు కాగితాలు.

"ఈ వీధిలో ఒక్క కొట్టు కూడా నడవట్లేదా? పాత జాబితాలో ఇరవై మూడున్నాయే."

"మూసి ఉన్నాయండి."

"అయ్యో," అన్నాడాయన. నిజంగానే బాధపడ్డాడు. మూడో కాగితం నావైపు తిప్పాడు. "ఈ కంపెనీ వాళ్ళు అన్నిటికన్నా ఎక్కువగా అడుగుతున్నది ఇదేనమ్మా. చేతిపని తెలిసినవాళ్ళు ఒకేచోట ఉన్న వీధులు. రేకు కొట్టేవాళ్ళు, కొయ్యపనివాళ్ళు, అతుకులు వేసేవాళ్ళు. పది కొట్లకన్నా ఎక్కువుంటే దాన్ని పనివీధి అంటారు. అలాంటి వీధికి చప్పుడు మార్కులు అసలు లెక్కలోకే రావు. పైగా ముప్ఫై మార్కులు కలుస్తాయి, పదేళ్ళ దాకా ఎవరూ కదిలించకూడదని రాసిస్తాం. చెట్లూ కాలిబాటలూ ఎవరైనా పెట్టుకుంటారు. చేతులెక్కణ్ణించి తెస్తారు?"

"పని లేని వీధైతేనండీ?"

"స్థలం నగరానిదేగా. కౌలు ఆపేసి ఇళ్ళకిచ్చేస్తారు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకెందుకో నమ్మబుద్ధి కావట్లేదు. పోనీ ఇవాళ సాయంత్రం నేనే ఒకసారి వెళ్ళి చూసొస్తాను."

ఆ సాయంత్రానికి మా కొట్టు తప్ప మిగతా ఇరవై రెండు కొట్లలో సుత్తులు మోగుతుంటాయి. ఆయన వింటాడు. నా అంకెలు అబద్ధమని తెలుస్తుంది, రోజులు ముందే చెప్పానని తెలుస్తుంది, నేను అక్కడి దాన్నేనని తెలుస్తుంది. తాత్కాలికం వాళ్ళలోంచి ఇద్దరిని పర్మనెంటు చేస్తారనీ, ఆ జాబితా సోమవారం వస్తుందనీ అప్పటికే అందరికీ తెలుసు. ఆయన బల్ల మీద గాజుగ్లాసులో నీళ్ళు సగం ఉన్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను.

"అక్కర్లేదండి," అన్నాను. "మూడు రోజులూ నేనక్కడే ఉన్నాను కదా."

"అంతేలే. నీ పని మీద నాకు నమ్మకముంది," అని ఆయన కాగితం మీద ముద్ర వేశాడు.

ఇంటికెళ్ళేసరికి నాన్న పెదనాన్న ముందు కూర్చుని ఉన్నాడు. షావుకారు కూడా వచ్చాడు. పొద్దుట్నుంచి చెప్తూనే ఉన్నారట.

"అబద్ధం చెప్పాం అన్నయ్యా! నీ పనిలో ఏ లోపమూ లేదు. నిన్ను ఆపడానికి అలా అన్నాం."

పెదనాన్న నాన్న చెంప నిమిరాడు. "నువ్వు చిన్నప్పట్నుంచీ అంతేరా. నేను బాధపడితే చూడలేవు."

షావుకారు బాన తెచ్చి ఆయన ముందు పెట్టి కొట్టి, రెండు చేతులూ పైకెత్తాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకు. పెదనాన్న ఆ నీళ్ళనే చూశాడు.

"పదిహేనేళ్ళు నిజం చెప్పినవాడివి. ఇప్పుడు నామీద జాలిపడి అబద్ధం మొదలుపెట్టకు షావుకారూ."

నా వంతు వచ్చింది. ఆయన ఎదురుగా కూర్చుని, "నేనే అలా చెప్పించాను పెదనాన్నా," అన్నాను. "ఒట్టు."

"నువ్వు చదువుకున్నదానివి. అబద్ధమెందుకు చెప్తావు?" అన్నాడు. ఆదివారం నేను చెప్పిన మాటను ఉద్దేశించి అన్నాడు.

పెదనాన్న ఇక సుత్తి పట్టలేదు. మిగతా వీధి రెండు నెలలు పట్టింది. ఆ తరవాత కాగితం వచ్చింది: పనులు జరగడంలేదని తేలినందున కౌళ్ళు రద్దు, నలభై రోజుల్లో ఖాళీ చెయ్యాలి. ఇక్కడ పని జరుగుతోందంటూ వీధంతా కలిసి అర్జీ పెట్టుకున్నారు. కాగితం వచ్చాక తలుపులు తెరిచి ఉంటారని పైవాళ్ళు కొట్టేశారు. వాళ్ళకు రుజువుగా నా సంతకం చూపించారు. కింద సంతకమే తప్ప పేరు లేదు. చప్పుడు కొలిచే కాగితంలోనే పనుల గడీ ఉంటుందని తెలియక, అది నాదని మావాళ్ళు పోల్చుకోలేదు.

పెద్దరోడ్డుకు అవతల కొయ్యపనివాళ్ళ వీధి ఉంది. వాళ్ళకు ఎవరూ ముందుగా చెప్పలేదు. కొలిచిన మూడు రోజులూ రంపాలు చెవులు చిల్లులుపడేట్టు అరిచాయి. ఎనభై నాలుగు. ఇప్పుడు అది పనివీధి. కంపెనీ బల్లలూ కుర్చీలూ అన్నీ వాళ్ళే చేశారు.

"చూశావా, మనం ఎంత నోరు మూసుకున్నా ఊరుకోలేదు వీళ్ళు," అంది రేడియో అత్త, సామాను బండికెక్కిస్తూ. నా తల మీద చెయ్యి వేసింది. "నువ్వు చెయ్యగలిగింది నువ్వు చేశావులే అమ్మా."

ఆవిడిప్పుడు నగరానికి ఓ చివర ఒక హోటల్లో గిన్నెలు కడుగుతోంది. నాన్న ఇంకో చివర, ఒక గిడ్డంగి గేటు దగ్గర కూర్చుంటున్నాడు. పర్మనెంటు అయిన ఇద్దరిలో నేను ఒకదాన్ని. నా జీతంతో నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు తీసుకున్నాం. కొత్త ఇంట్లో మొదటివారం పెదనాన్న నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఉద్యోగం ఖాయమైందట కదే?"

తల ఊపాను.

"చప్పుళ్ళు కొలిచే పనట. మంచిది. చెవులు జాగ్రత్తగా చూసుకో. చెవులు బాగున్నంతకాలం నిన్నెవరూ మోసం చెయ్యలేరు."

అప్పుడైనా ఆఫీసులో జరిగింది చెప్పి ఉండాల్సింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. పెదాలు కదిపితే చాలు. "మందులు వేసుకున్నావా?" అన్నాను.

చలి మొదలైన వారానికి ఆయన పోయాడు. డాక్టరు గుండె అన్నాడు.

కంపెనీ మా నగరానికే వచ్చింది. నాలుగు వేల కుటుంబాలు వచ్చాయి. మా వీధి ఉన్నచోట ఇప్పుడు అద్దాల కిటికీల ఇళ్ళు, రెండు వరసల చెట్లు, కూర్చోవడానికి బల్లలు. బాగుంటుంది. మార్కులు వెయ్యమంటే ఇప్పటికీ నేను దానికి నిండుగా వేస్తాను. అక్కడ ఉండేవాళ్ళ మీద నాకు కోపమేమీ లేదు.

ఈ కథ చదివే మీలో ఎవరైనా అక్కడ ఉంటున్నట్టయితే ఒక్కటే అడుగుతాను. ఆ నేల మీద నలభై ఏళ్ళు ఒక మనిషి కూర్చుని రాగిబానలు కొట్టాడు. ఆయన చేతిలో లోపం లేదు, ఆఖరి రోజు దాకా లేదు. ఆ మాట ఆయన నమ్మకుండానే పోయాడు. మీరైనా నమ్మండి. మా పెదనాన్నను గుర్తుపెట్టుకోండి.